రెండో చేతి గ్లౌజు

హెట్టీ మంబీ పందుల కసాయి కూతురు. హార్న్‌కాజిల్ సంతవీధిలో వాళ్ల నాన్న కొట్టు. పేగులు కడగడం, కొవ్వు కరిగించడం, రక్తం గడ్డకట్టకుండా కలుపుతూ కూర్చోవడం ఆమె చిన్ననాటి ఆటలు. యుద్ధం వచ్చి, వైమానిక దళపు మహిళా విభాగంలో చేరబోతే, ఏం పని వచ్చని అడిగింది అక్కడి అధికారిణి. హెట్టీ ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ దొరసాని ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, "అంటే తోలుపని తెలుసన్నమాట" అని తనే సర్దేసుకుంది. అలా హెట్టీ స్కెల్‌బీ విమాన స్థావరంలో, బీట్‌దుంపల పొలాల మధ్య ఒక రేకుల షెడ్డులో, గన్నర్ల బట్టల విభాగానికి వచ్చి పడింది. ఆ షెడ్డు ఎప్పుడూ గొర్రెతోలు, రబ్బరు, తడి ఉన్ని కలిసిన వాసన వేస్తుండేది. కసాయి కొట్లో పెరిగిన ముక్కుకి అదేం లెక్క కాదు.

బాంబర్ విమానంలో తోక గన్నరు కూర్చునే చోటు కోళ్లగంప కన్నా కాస్త పెద్దది. నాలుగు తుపాకుల మధ్య, వెనక్కి తిరిగి, కదలకుండా గంటల తరబడి కూర్చోవాలి. పైలట్ దగ్గర వెచ్చదనం ఉంటుంది. అది తోక దాకా రాదు. పైగా, అద్దం మీద ధూళిరేణువు కూడా శత్రువిమానంలా కనబడుతుందని, ఎదురుగా ఉన్న అద్దాన్ని గన్నర్లే కోయించేసుకునేవారు. ఇక గాలి తిన్నగా మొహానికే. అంత ఎత్తున ఆక్సిజన్ మాస్కులో ఊపిరి తడి కూడా మంచుముక్కయి గడ్డానికి వేలాడుతుంది.

అందుకని మనిషిని పొరలు పొరలుగా చుట్టాలి. ముందు పట్టు, ఉన్ని కలిపి నేసిన లోబట్టలు. ఆపైన మోకాళ్ల దాకా దిగే స్వెట్టరు. దానిమీద విద్యుత్ సూటు. లోపలంతా సన్నటి తీగలు ఎంబ్రాయిడరీలా కుట్టి ఉంటాయి. ప్లగ్గు పెడితే వేడెక్కుతుంది. దానికింద విద్యుత్ మేజోళ్లు, వాటిమీద గొర్రెబొచ్చు బూట్లు, అన్నిటి మీదా మందపాటి పచ్చ సూటు. చేతులకి మూడేసి జతలు: పట్టువి, తీగలవి, తోలువి. తీగల గ్లౌజుకి మణికట్టు దగ్గర లోహపు బొత్తాలుంటాయి. అవి సూటు చేతికి టక్కున పడితేనే వేళ్లకి కరెంటు పారుతుంది. ఎడమ గ్లౌజు బొత్తాలు కుడిచేత్తో పెట్టుకోవచ్చు. కుడి గ్లౌజు దగ్గరికి వచ్చేసరికి ఎడమచెయ్యి అప్పటికే దిండులా ఉబ్బి ఉంటుంది. అక్కడ ఎంత మొనగాడికైనా ఇంకో మనిషి కావాలి.

ఆ ఇంకో మనిషి పనే హెట్టీది, ఆమె జోడీ బెరిల్‌ది. చెరో కౌంటర్ దగ్గర నిలబడి, వరసగా వచ్చే గన్నర్ల రెండో చేతికి బొత్తాలు పెట్టి పంపేవారు. అన్నిటికన్నా ముఖ్యమైన నియమం: చెమట పట్టకూడదు. నేలమీద పట్టిన చెమట పైకెళ్లాక మంచవుతుంది. "పరిగెత్తకు. కూర్చో. అంతలా నవ్వకు, తడుస్తావ్" అని కోప్పడేది హెట్టీ. ఆ మాటలకే వాళ్లు ఇంకా నవ్వేవారు.

ఆ తర్వాత వాళ్ల నవ్వులు ఆగిపోయాయి.

స్కెల్‌బీలో ఎవరైనా తిరిగి రాకపోతే చచ్చిపోయాడని అనేవారు కాదు. "కోత పడింది" అనేవారు. మొదట, హెట్టీని సినిమాకి తీసుకెళ్లిన ఒక గన్నరుకి కోత పడింది. తర్వాత, ఆమెతో ఒకే ఒక్క డాన్సు చేసిన ఇంకొకడికి. మూడోవాడు కెన్. అతనితో సంగతి ఉంగరం దాకా రాలేదు గానీ, ఉంగరం మాట దాకా వచ్చింది. సెప్టెంబరులో అతనికీ పడింది. తిరిగిరాని వాళ్లే ఎక్కువున్న చోట, ముగ్గురితో నవ్వుతూ మాట్లాడిన ఏ పిల్లకైనా ముగ్గురు పోయినవాళ్లు ఉంటారు. ఈ లెక్క ఎవరికీ తెలియనిది కాదు. కానీ గన్నర్లు లెక్కని నమ్మితే విమానమే ఎక్కరు. ఎక్కాలంటే ఇంకేదో నమ్మాలి. వాళ్లని నిర్భయులని తర్వాత ఊరూరా రాళ్లమీద చెక్కించారు. నిర్భయులకి జేబులో అదృష్టం కోసం కుందేలు కాలెందుకో, ఉతకని స్వెట్టరు ఎందుకో ఆ చెక్కించినవాళ్లు చెప్పలేదు.

అలా హెట్టీకి పేరు పడింది: కోతపిల్ల.

ఎవరూ మొహం మీద అనలేదు. ఆ దొరల దేశంలో మొహం మీద అనరు. "మిస్ మంబీ, మీరు పనిలో ఉన్నట్టున్నారు" అని మర్యాదగా తలవంచి బెరిల్ వరసలోకి జరిగేవారు. హెట్టీ చేతిలో అప్పటికేమీ ఉండేది కాదు. సూట్లు కుట్టినా, తీగలు బాగు చేసినా వాళ్లకి అభ్యంతరం లేదు. బయల్దేరే వేళ ఆ చెయ్యి తగలకూడదు, అంతే. బెరిల్ దగ్గర వరస తలుపు దాటి బయటికి పోయేది. హెట్టీ ఖాళీ కౌంటర్ తుడుచుకునేది. తుడిచిందే తుడిచేది.

పాదిరిగారు ఆదివారం ప్రసంగంలో దైవసంకల్పం గురించి చెప్పారు. గన్నర్లు శ్రద్ధగా విని, ఆమెన్ అని, సోమవారం మళ్లీ బెరిల్ దగ్గరే నిలబడ్డారు.

షెడ్డుకి పెద్ద సార్జెంట్ డాబ్స్. యాభై దాటినవాడు, మోకాళ్ల నొప్పులు, చెడ్డవాడు కాదు. ఒకరోజు హెట్టీని పక్కకి పిలిచాడు.

"చూడు తల్లీ, నీ పనికి వంక లేదు. కానీ వరస కదలడం లేదు. కుర్రాళ్లు నిలబడి నిలబడి చెమటలు పట్టించుకుంటున్నారు."

"నా దగ్గరికి వస్తే కదులుతుంది కదండీ."

"రారుగా."

"నేనేం చేశానండీ?"

"ఏం చెయ్యలేదు. నాకు తెలీదా? పక్క స్థావరంలో వంటశాలకి మనుషులు కావాలట. శనివారం దాకా చూస్తాను. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు నీ చేత బొత్తాం పెట్టించుకున్నా నిన్ను కదపను. లేదంటే నా చేతిలో లేదమ్మా."

వంటశాల అంటే హెట్టీకి చిన్నతనమేం కాదు. కానీ ఈ కారణంగా వెళ్తే, ఆ పేరు ఆమె కన్నా ముందే అక్కడికి చేరుతుంది. వంటశాలలో ఎవరూ ఆమె వడ్డించిన బంగాళాదుంప కూడా తినరు.

ఆ వారంలోనే పెర్సీ ఓస్గర్బీ వచ్చాడు. తోక గన్నరు. మిగతావాళ్లంతా ఇరవై, ఇరవై ఒకటి. ఇతనికి ముప్పై ఆరు, బట్టతల, కాస్త పొట్ట. వచ్చిన పూటే అందరూ 'తాత' అనేశారు. గ్రిమ్స్‌బీ రేవులో ఐసు ఫ్యాక్టరీ మనిషి. చలి తనకి చుట్టమని చెప్పుకునేవాడు. అతని పొట్టకి విద్యుత్ సూటు పట్టలేదు. సార్జెంట్ దాన్ని హెట్టీ బల్ల మీద పడేశాడు. నడుము దగ్గర కుట్టు విప్పి వెడల్పు చెయ్యాలి. పెర్సీ పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

"ఏ ఊరమ్మాయ్ మీది?"

"హార్న్‌కాజిల్ అండీ. మా నాన్నది పందుల..."

ఆమె మాట పూర్తి కాలేదు. పెర్సీ సూదితో పొడిచినట్టు లేచాడు. గ్రిమ్స్‌బీ రేవులో ఆ జంతువు పేరెత్తితే పడవ మునుగుతుంది. పొరపాటున చెవిన పడితే వెంటనే చల్లని ఇనుము ముట్టుకోవాలి. పెర్సీకి అందుబాటులో ఉన్న ఇనుము పొయ్యి ఒక్కటే. అది భగభగ మండుతోంది.

"అమ్మో! అబ్బా!"

"అయ్యో, ఏమైందండీ?"

"ఆ మాట అనకు పిల్లా! ఇంకెప్పుడూ అనకు!" వేళ్లు నోట్లో పెట్టుకుని చీకుతూ అన్నాడు. "మీ నాన్న అమ్మేది... ఆ గురగురలాడేది. అలా అనాలి."

"మరి పొద్దున భోజనశాలలో గుడ్డుతోపాటు తిన్నారే, అదీ గురగురలాడేదేగా?"

"తినడం వేరు. పేరెత్తడం వేరు."

హెట్టీ సెప్టెంబరు తర్వాత మొదటిసారి పగలబడి నవ్వింది. తండ్రి పంపిన మాంసపు ముద్ద కోసి రొట్టెతో పెట్టింది. "ఇదేంటో చెప్పకు" అని ముందే మాట తీసుకుని మొత్తం తినేశాడు పెర్సీ. తింటూ తన పెళ్లాం ఏడా గురించి, ఇద్దరు పిల్లల గురించి చెప్పాడు. హెట్టీ వింటూ కుట్టింది. కుట్టి, సూటుని బల్ల మీద పొడుగ్గా చాపి, ప్లగ్గు పెట్టి, భుజం నుంచి మేజోళ్ల దాకా అరచేత్తో తడిమి చూసింది. అంతటా సమానంగా వెచ్చగా ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం దాడికి పిలుపొచ్చింది. మూడు గంటలకల్లా షెడ్డు నిండిపోయింది. పెర్సీకి స్కెల్‌బీలో అదే మొదటి పయనం. అతను హెట్టీ కౌంటర్ వైపు నడుస్తుంటే లెనీ అనే కుర్ర గన్నరు మోచెయ్యి పట్టుకుని లాగాడు.

"తాతా, అటు కాదు. ఇటు."

"ఇటు వరస తలుపు బయటికుంది. అటు ఈగ కూడా లేదు."

"అందుకే. ఆవిడ కోతపిల్ల." లెనీ గొంతు తగ్గించి ముగ్గురి సంగతీ చెప్పాడు. తగ్గించిన గొంతు రేకుల షెడ్డులో ఎంత స్పష్టంగా వినిపిస్తుందో అతనికి తెలీదు. హెట్టీ తలెత్తలేదు.

పెర్సీ అంతా విన్నాడు.

"మీకు శకునాల గురించి ఏం తెలుసురా?" అన్నాడు. అతను గొంతు తగ్గించలేదు. "మొగుడు చేపల వేటకి బయల్దేరిన రోజు ఇంట్లో బట్టలు ఉతికితే మనిషి కొట్టుకుపోతాడు. అదీ శకునమంటే. పడవ మీద ఈల వేస్తే గాలి లేస్తుంది. అదీ శకునం. డాన్సు చేస్తే చావడమేంటి? దీనికి తలా తోకా ఉందా?"

"ముగ్గురు, తాతా!"

"ముగ్గురు కాబట్టే! సముద్రం ఒక గుమ్మంలోంచి ముగ్గుర్ని తీసుకుపోయిందంటే ఇక ఆ గుమ్మం వైపు చూడదు. దాని వాటా అయిపోయింది. మా రేవులో మొదటి వేటకెళ్లేవాడు అలాంటి ఆవిడని వెతుక్కుంటూ వెళ్లి, ఆవిడ చేత తొడుగులు తొడిగించుకుని మరీ పడవెక్కుతాడు."

అపశకునాల విషయంలో గ్రిమ్స్‌బీ మనిషి మాటంటే పాదిరి మాట కన్నా బరువైనది.

"నిజమా?" అన్నాడు లెనీ.

"నువ్వెప్పుడన్నా సముద్రం మీదికెళ్లావా?"

"లేదు. మాది లెస్టర్."

"మరి నోరు మూసుకో."

పెర్సీ వచ్చి హెట్టీ ఎదుట నిలబడ్డాడు. ఎడమచేతికి మూడు గ్లౌజులూ అయిపోయాయి. కుడిచెయ్యి చాపాడు. షెడ్డంతా అటే చూస్తోంది. సార్జెంట్ డాబ్స్ పెన్సిల్ చెవి మీద పెట్టుకుని మర్చిపోయాడు.

హెట్టీ చెయ్యి కదల్లేదు. ఇన్నాళ్లూ ఆమె ఎదురుచూసింది ఇలా ఎవరో ఒకరు చాపే చెయ్యి కోసమే. తీరా అది కళ్లముందుకి వచ్చేసరికి, దానివెనకాల ఏడా కనబడింది, ఇద్దరు పిల్లలు కనబడ్డారు. నెలల తరబడి ఊరంతా ఒక మాట అంటుంటే, అనిపించుకున్న మనిషి మాత్రం ఎంతకాలం నమ్మకుండా ఉంటుంది?

"బెరిల్ దగ్గరికి వెళ్లండి" అంది నెమ్మదిగా.

"ఏం?"

"వెళ్లండి, దయచేసి. నాకు భయంగా ఉంది."

పెర్సీ కౌంటర్ మీదికి వంగాడు. ఈసారి అతని గొంతు నిజంగానే తగ్గింది.

"మా ఏడా మొదటి మొగుణ్ణి సముద్రం మింగింది. వాళ్ల నాన్ననీ, తమ్ముణ్ణీ కూడా. పొద్దున్నే ఆవిడ ఎదురొస్తే చేపలవాళ్లు వెనక్కి తిరిగి ఇంటికెళ్లి పడుకునేవాళ్లు. నేను చేసుకున్నా. మా అమ్మ పెళ్లికి రాలేదు. పదకొండేళ్లయింది. ఇదిగో, ఈ పొట్ట చూడు."

"అయితే మీ రేవులో నిజంగానే అలా తొడిగించుకుంటారా?"

"తొడిగించుకోరు. ఇప్పుడే పుట్టించాను."

హెట్టీ అతని వంక చూసింది. "పెళ్లయ్యాక మీరు సముద్రంలోకి వెళ్లారా?"

"లేదు. ఐసు ఫ్యాక్టరీలో చేరాను." పెర్సీ ఒక్క క్షణం ఆగాడు. "హుఁ. అది నేనెప్పుడూ ఆలోచించలేదు."

"చూశారా మరి!"

"చూశాలే. నాకూ భయంగానే ఉంది తల్లీ. నీవల్ల కాదు, వాళ్ల తుపాకుల వల్ల. కానీ ఇప్పుడు నేను వెనక్కి తిరిగి ఆ వరసలోకి వెళ్తే, మా ఏడాని కూడా అక్కడ నిలబెట్టి వాళ్లతో తిట్టించినట్టే. అది నావల్ల కాదు." మళ్లీ గొంతు పెంచాడు. "త్వరగా కానీ! చెమట పట్టేస్తోంది ఇక్కడ!"

చెమట అన్నమాట వినగానే హెట్టీ చేతులు వాటంతటవే కదిలాయి. పట్టు గ్లౌజు తొడిగింది. తీగల గ్లౌజు తొడిగి, ఒక బొత్తాం, రెండో బొత్తాం టక్కుమనిపించింది. తోలు గ్లౌజు పైకి లాగి, మణికట్టు దగ్గర పట్టీ బిగించింది.

"మెల్లగా నడవండి" అంది. "నవ్వకండి."

ఆ సాయంత్రం విమానాలు వెళ్లాయి. అవి తిరిగొచ్చే వేళకి లింకన్‌షైర్ జిల్లా మొత్తాన్ని పొగమంచు కప్పేసింది. ఎక్కడ నేల కనబడితే అక్కడ దిగమన్నారట. తెల్లారేసరికి స్కెల్‌బీ మైదానం ఖాళీగా ఉంది. ఎవరు ఎక్కడ దిగారో, ఎవరు అసలు దిగలేదో పైవాళ్లకి తెలిసే ఉంటుంది. బట్టల షెడ్డు దాకా ఎవరొచ్చి చెప్తారు?

శనివారం పొద్దున బెరిల్ టీ తెచ్చి ఇచ్చింది. మొహంలోకి చూడలేదు. సార్జెంట్ డాబ్స్ "ఇవాళ్టికి వెళ్లి పడుకో తల్లీ" అన్నాడు. హెట్టీ వెళ్లలేదు. బుట్టెడు గ్లౌజులు ముందేసుకుని, ఒక్కో వేలూ ప్లగ్గు పెట్టి పరీక్షించింది. వంటశాలకి పంపినా పంపనీ, ఆ ముసలాయన మాత్రం రావాలి. మొక్కుకుందామంటే ఎవరికి మొక్కుకోవాలో తోచలేదు. పాదిరిగారి దేవుడు అప్పటికే ముగ్గురి విషయంలో వినలేదు. చివరికి బల్ల కాలికున్న చల్లని ఇనుప పట్టీని పట్టుకుని కాసేపు కూర్చుంది.

మధ్యాహ్నం భోజనాల వేళకి మంచు విడిచింది. బయట లారీ ఆగిన చప్పుడు. బూట్లు ఈడ్చుకుంటూ నడిచే మనుషుల చప్పుడు. తలుపు తోసుకుని లెనీ వచ్చాడు, అతని వెనక ఇంకొందరు, అందరికన్నా చివర విద్యుత్ సూటు చంకన పెట్టుకుని కుంటుకుంటూ పెర్సీ ఓస్గర్బీ. గడ్డం పెరిగి, కళ్లు ఎర్రబడి, మాస్కు అచ్చు ముక్కు చుట్టూ నీలంగా పడి ఉంది. హెట్టీ లేచి నిలబడింది.

పెర్సీ గొంతెత్తాడు.

"ఏమమ్మాయ్! ఇదేనా నీ కుట్టుపని? కూర్చున్న మరుక్షణం ఎడమ మేజోడు చచ్చి ఊరుకుంది! దారి పొడుగునా నా బొటనవేలు చేపల పెట్టెలో పెట్టినట్టుంది. ఐసు ఫ్యాక్టరీలో కూడా ఇంత చలి ఎరగను!"

షెడ్డు బిగుసుకుపోయింది. హెట్టీ సూటు లాక్కుని బల్ల మీద చాపి ప్లగ్గు పెట్టింది. తడిమింది. ఎడమ మేజోడు వెచ్చగానే ఉంది. నడుము దగ్గర, తను కుట్టిన చోట, సూటుని మనిషి కూర్చున్నట్టు మడిచింది. మేజోడు చల్లబడింది. తీగని కుట్టులో కలిపి బిగించేసింది తనే. బల్ల మీద పడుకోబెట్టి చూసింది గానీ, తోక గన్నరు పడుకుని వెళ్లడని మర్చిపోయింది.

"తప్పు నాదే" అంది.

"నీది కాక పాదిరిగారిదా?"

"పడుకోబెట్టి చూశానండీ. కూర్చోబెట్టి చూడాల్సింది."

"చూడాల్సింది! ఇంత పొట్ట పెట్టుకుని ఎలా పడుకుని ఎగరమంటావ్? బొటనవేలికి బొబ్బెక్కింది, చూపించమంటావా?"

"వద్దండీ!"

"చూపిస్తా. నువ్వే చూడాలి."

బూటు విప్పడం మొదలెట్టాడు. బెరిల్ ముందు నవ్వింది, తర్వాత లెనీ. పెర్సీ ఇంకా తిడుతూనే ఉన్నాడు, హెట్టీ తలవంచుకుని వింటూనే ఉంది. ఆమెని చూసి పక్కకి జరిగినవాళ్లు, మర్యాదగా తలవంచినవాళ్లు చాలామందే ఉన్నారు. నెలల తరబడి ఎవరూ ఆమెని తిట్టలేదు. సరుకు బాలేదని కొట్టుకొచ్చి కేకలేసే మనిషి కొట్టువాణ్ణి దయ్యమనుకోడు. ఆ సంగతి కసాయి కూతురికి వేరే చెప్పక్కర్లేదు.

సార్జెంట్ డాబ్స్ పొయ్యి దగ్గరికి వచ్చి చేతులు కాచుకున్నాడు. "వంటశాలవాళ్లు మనిషి కోసం అడుగుతున్నారు" అన్నాడు ఎవరితోనో అన్నట్టు. "ఇక్కడ ఇంత రిపేరు పెట్టుకుని ఎవర్ని పంపను? వేరే చోట చూసుకోమని చెప్తా."

"పంపొద్దు సార్" అన్నాడు పెర్సీ. "ముందు నాది బాగు చెయ్యనివ్వండి."

ఆ చలికాలంలో హెట్టీ బొత్తాలు పెట్టిన చేతులన్నీ తిరిగి రాలేదు. బెరిల్ పెట్టినవీ రాలేదు. పెర్సీ మాత్రం తన వంతు పయనాలన్నీ ముగించుకుని గ్రిమ్స్‌బీ చేరాడు, బొటనవేలి గోరు ఒకటి తక్కువగా. కానీ ఆ శనివారం అవేవీ ఎవరికీ తెలియవు. హెట్టీ కుట్టు విప్పి, తీగని వదులు చేసి మళ్లీ కుట్టి, అదే సూటుని పెర్సీకి తొడిగించి స్టూలు మీద కూర్చోబెట్టింది.

"వంగండి. ఇంకా. ఇప్పుడు?"

"వెచ్చగానే ఉంది."

"ఎడమకాలు?"

"దానికేం, రాజభోగం. గురగురలాడేదాన్ని పొయ్యి మీద పెట్టినట్టుంది."

లెనీ కౌంటర్ దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాడు. చేతిలో గ్లౌజు ఉంది.

"మిస్ మంబీ, నాది కూడా చిటికెనవేలు దగ్గర సరిగ్గా పనిచెయ్యట్లేదు. బెరిల్‌కి చెప్తే బానే ఉందంటోంది."

"కూర్చో" అంది హెట్టీ. "వేలు వంచు. నవ్వకు."

అతని వెనక ఇంకొకడు వచ్చి నిలబడ్డాడు.